సర్జరీ పీజీ సీటు మధ్యలో వదిలేస్తున్నారెందుకు? మా తమ్ముడూ అదే మాట అంటున్నాడు

గోదావరి_గట్టు
మా తమ్ముడు ఒక ప్రభుత్వ కాలేజీలో ఎంఎస్ జనరల్ సర్జరీ ఫస్ట్ ఇయర్. చేరి ఇంకా ఏడాది నిండలేదు, "అన్నా, నావల్ల కావట్లేదు, వదిలేసి వచ్చేస్తా" అంటున్నాడు. ఇంటర్ నుంచీ సర్జన్ అవుతానని చెప్పినవాడు. ర్యాంకుకి వేరే బ్రాంచీలు వచ్చేవి, కావాలనే సర్జరీ పెట్టుకున్నాడు. మొన్న పండక్కి వచ్చి కంచం ముందు కూర్చునే నిద్రపోయాడు. అమ్మ కంగారు పడిపోయింది. మేం వ్యవసాయం చేసుకునేవాళ్లం, డాక్టర్ల లోకం మాకు తెలీదు. అంత చదివి తెచ్చుకున్న సీటు ఎందుకు వదిలేస్తారు? పని ఎక్కువనేనా, వాడు మాకు చెప్పనిది ఇంకేమైనా ఉందా? దాచకుండా చెప్పండి.

థర్డ్_ఇయర్_తారక్
అన్నా, ఫస్ట్ ఇయర్ పీజీ రోజు ఎలా గడుస్తుందో చెప్తా. తెల్లవారుజామున ఐదింటికి వార్డు. ముందు డయాబెటిక్ ఫుట్ డ్రెస్సింగులు, ఎందుకంటే వాటికే టైమ్ ఎక్కువ పడుతుంది. ముందు రోజు వేసిన గాజ్ ఎండిపోయి పుండుకి అతుక్కుని ఉంటుంది. సెలైన్ పోసి నానబెట్టి ఒక్కో పొర మెల్లగా తీయాలి, తొందరపడి లాగితే పేషెంట్ మంచం మీద లేచి కూర్చుంటాడు. తర్వాత బ్లడ్ శాంపిళ్లు. తీసినవి ల్యాబ్‌కి పట్టుకెళ్లేది కూడా మనమే. ఎనిమిదింటికి రౌండ్స్. ఏ పేషెంట్‌కి డ్రెయిన్ ట్యూబులో ద్రవం ఎంత వచ్చింది, యూరిన్ ఎంత వచ్చింది, కాగితం చూడకుండా చెప్పాలి. తర్వాత ఓపీ రోజైతే ఓపీ, ఓటీ (ఆపరేషన్ థియేటర్) రోజైతే ఓటీ.

అడ్మిషన్ డే అయితే, అంటే మన యూనిట్ (ఒక చీఫ్ కింద ఉండే డాక్టర్ల జట్టు) కొత్త పేషెంట్లని చేర్చుకునే రోజైతే, ఆ పగలు, ఆ రాత్రి, మర్నాడు పగలు కూడా మనదే. అర్ధరాత్రి పర్ఫొరేషన్ (పేగుకి చిల్లు పడిన) కేసు వచ్చిందనుకోండి, రక్తం కోసం బ్లడ్ బ్యాంకుకి, సీటీ కోసం రేడియాలజీకి, ఫిట్‌నెస్ కోసం అనస్థీషియా (మత్తు డాక్టర్లు) వాళ్ల దగ్గరికి మనమే తిరగాలి. పొట్ట తెరిచేది సీనియర్లు. మనం కోతని తెరిచి ఉంచే రిట్రాక్టర్ పట్టుకుని నిలబడతాం. తెల్లారాక ఆరోగ్యశ్రీ ప్రీ-ఆథ్ (ముందస్తు అనుమతి) అప్‌లోడ్లు, పేషెంట్ ఫొటోలు, డిశ్చార్జ్ సమ్మరీలు. ఇందులో సర్జరీ ఎంత ఉందో, గుమాస్తా పని ఎంత ఉందో మీరే చూడండి.

పెదవాల్తేరు_పిల్ల
కంచం ముందు నిద్ర అంటే గుర్తొచ్చింది. మా బ్యాచ్‌లో ఒకతను పెళ్లిచూపుల్లో కునికాడు. అమ్మాయి గైనిక్ పీజీ, ఆవిడా కునికింది. సంబంధం ఖాయమైంది, ఇప్పుడు ఇద్దరు పిల్లలు.

గోదావరి_గట్టు
@పెదవాల్తేరు_పిల్ల అమ్మకి చదివి వినిపించా. చాలా రోజుల తర్వాత నవ్వింది.

రిటైర్డ్_సివిల్_సర్జన్
తారక్, నువ్వు చెప్పినవన్నీ మేమూ చేశాం. ఇంకా ఎక్కువే చేశాం. ఒక మాట సూటిగా చెప్తాను, కోపం తెచ్చుకోవద్దు. రాత్రి పదింటికి మెత్తగా ఉన్న పొట్ట తెల్లవారుజామున నాలుగింటికి చెక్కలా బిగుసుకుపోవడం ఒకే చెయ్యి రెండుసార్లూ తాకి చూడాలి. ఆ తేడా ఏ పుస్తకంలోనూ దొరకదు. షిఫ్టు అయిపోయిందని పది గంటలకి వెళ్లిపోయినవాడికి అది ఎప్పటికీ తెలియదు. డ్రెస్సింగ్ చేసినవాడికే పుండు ఎలా మానుతుందో తెలుస్తుంది. ఆ పనిని గుమాస్తా పని అనకండి.

థర్డ్_ఇయర్_తారక్
సార్, డ్రెస్సింగ్‌ని గుమాస్తా పని అనలేదు. శాంపిల్ ట్యూబులు ల్యాబ్‌కి మోయడాన్ని, స్కానింగ్ ఫొటోలు అప్‌లోడ్ చేయడాన్ని అన్నాను. మీ రోజుల్లో ఆరోగ్యశ్రీ లేదు కదా సార్, అది 2007లో వచ్చింది. పేదవాళ్లకి ఎంతో మేలు చేసిన పథకం, దాని మీద నాకు ఫిర్యాదు లేదు. ఆ కాగితాల పని పీజీ నెత్తిన ఎందుకు పడాలి అన్నదే నా ప్రశ్న.

మత్తు_మేడమ్
నేను వదిలేసినదాన్ని కాబట్టి చెప్పగలను. సర్జరీలో చేరి మధ్యలో మానేసి, మళ్లీ నీట్ రాసి అనస్థీషియాలో చేరాను. ఇప్పుడూ రాత్రి డ్యూటీలే, ఇప్పుడూ అదే ఓటీ, ఒక్కోసారి అదే చీఫ్. కాబట్టి నిద్ర ఒక్కటే కారణమని నేను ఒప్పుకోను.

నన్ను తరిమింది వేరే. నెలలు గడిచినా నా చేతికి కుట్లు వేసే నీడిల్ హోల్డర్ ఇవ్వలేదు. చివర్లో స్కిన్ కుట్లైనా నేను వేస్తానని అడిగితే, ఓటీలో అందరి ముందు, స్టాఫ్ నర్సుల ముందు, "ముందు కేస్ షీట్ సరిగ్గా రాయడం నేర్చుకో" అన్నారు. అది ఒకసారి అయితే మర్చిపోయేదాన్ని. ప్రతి ఓటీ రోజూ అదే. పేషెంట్‌కి ఇన్ఫెక్షన్ వస్తే నా తప్పు, ల్యాబ్ రిపోర్టు ఆలస్యమైతే నా తప్పు, ఓటీ లిస్టు మారితే నా తప్పు. రాత్రి నిద్ర లేకపోవడం కన్నా పొద్దున లేచి అక్కడికి మళ్లీ వెళ్లాలన్న ఆలోచనే భయంగా ఉండేది. అనస్థీషియాలో చేరిన మొదటి నెలలోనే మా మేడమ్ పక్కన నిలబడి నాతో స్పైనల్ (వెన్నులో ఇచ్చే మత్తు ఇంజెక్షన్) ఇప్పించారు. ఆ రోజు హాస్టల్‌కి వెళ్లి ఇంటికి ఫోన్ చేసి ఏడ్చాను, సంతోషంతో.

@గోదావరి_గట్టు మీ తమ్ముణ్ణి పని ఎంత ఉందని అడగకండి. అక్కడ ఎవరితో మాట్లాడగలుగుతున్నావు, చేత్తో ఏం చేయనిస్తున్నారు అని అడగండి.

కేజీహెచ్_దారిలో
మత్తు మేడమ్ మాటకి నా ఓటు. మా యూనిట్‌లో పని చాలా ఎక్కువ, కానీ ఒక్కరూ వదల్లేదు. పక్క యూనిట్‌లో కేసులు మాకన్నా తక్కువ, ఇద్దరు వెళ్లిపోయారు. కాలేజీ ఒకటే, హాస్టల్ ఒకటే, మెస్ ఒకటే. తేడా చీఫ్, సీనియర్ పీజీలు.

రూల్_బుక్_రమణ
రూల్స్ ఎక్కడున్నాయో చాలామందికి తెలియదు, అందుకే రాస్తున్నా. కేంద్ర ఆరోగ్య శాఖ 1992 జూన్ 5న ఇచ్చిన ఆదేశాల్లో రెసిడెంట్లకి, అంటే మన పీజీల్లాంటి వాళ్లకి, వారానికి 48 గంటలు, ఏకబిగిన 12 గంటలకి మించకూడదని ఉంది. ముప్పై ఏళ్లు దాటింది, వార్డులో ఎవరికీ అది పట్టదు. 2023లో నేషనల్ మెడికల్ కమిషన్ తెచ్చిన పీజీ నియమావళిలో గంటల లెక్క లేదు, "సహేతుకమైన పని గంటలు" అని రాసి వదిలేశారు. వారానికి ఒక సెలవు, ఏడాదికి 20 రోజుల క్యాజువల్ లీవ్, 5 రోజుల అకడమిక్ లీవ్ మాత్రం స్పష్టంగా ఉన్నాయి. 2024లో వైద్య విద్యార్థుల మానసిక ఆరోగ్యంపై అదే కమిషన్ వేసిన టాస్క్‌ఫోర్స్ వారానికి 74 గంటలు మించొద్దని సిఫార్సు చేసింది. 48 నుంచి 74కి వచ్చాం, అదీ సిఫార్సుగానే.

ఇంకోటి. సమాచార హక్కు కింద అడిగితే కమిషనే ఇచ్చిన లెక్క ఇది. అయిదేళ్లలో దేశం మొత్తం మీద 1,270 మంది వైద్య విద్య మధ్యలో వదిలేశారు. అందులో ఎంబీబీఎస్ వాళ్లు 153 మంది, పీజీలు 1,117 మంది. అదే అయిదేళ్లలో ఆత్మహత్య చేసుకున్నవాళ్లు 122 మంది, అందులో 58 మంది పీజీలు. వదిలేసేవాడిని చేతకానివాడని తిట్టే ముందు ఈ రెండో లెక్క చూడండి.

రిటైర్డ్_సివిల్_సర్జన్
ఆ 58 చూశాక నాకు మాట రావడం లేదు రమణ గారూ. నేర్చుకోవడానికి గంటలు కావాలన్న నా మాట మీద ఇప్పటికీ ఉన్నాను. అందరి ముందు అవమానించడం మాత్రం నేర్పడం కాదు. మా చీఫ్ ఓటీలో గట్టిగా అరిచేవారు, కానీ ఆ రాత్రే కూర్చోబెట్టి తాడు ముక్క చేతికిచ్చి ముడులు వేయించేవారు. ఇప్పుడు అరుపు ఉండి ఆ రెండోది లేదంటే ఎవరు నిలబడతారు?

బఫెలో_బాబ్జీ
అమెరికా సంగతి చెప్తా, ఇక్కడ అంతా బాగుంటుందని అనుకునేవాళ్లకి. 1984లో న్యూయార్క్‌లో లిబ్బీ జయాన్ అనే 18 ఏళ్ల అమ్మాయి ఆసుపత్రిలో చేరిన కొన్ని గంటల్లో చనిపోయింది. రెసిడెంట్ల అలసట మీద పెద్ద గొడవ నడిచింది. న్యూయార్క్‌లో ముందు రూల్ వచ్చింది, 2003 జులై నుంచి దేశమంతా వారానికి సగటున 80 గంటల పరిమితి పెట్టారు. అయినా జనరల్ సర్జరీ రెసిడెన్సీ వదిలేవాళ్లు తగ్గిపోలేదు. ఎన్నో అధ్యయనాలని కలిపి 2017లో జామా సర్జరీ అనే వైద్య పత్రికలో లెక్క వేస్తే దాదాపు 18 శాతం. ఆడవాళ్లలో 25, మగవాళ్లలో 15. వాళ్లలో దాదాపు సగం మంది మొదటి ఏడాది తర్వాతే వెళ్తారు, కొందరు వేరే చోట సర్జరీకే, కొందరు అనస్థీషియా లాంటి వేరే బ్రాంచీలకి. మత్తు మేడమ్ ఒంటరి కాదు.

ఇక్కడికి వచ్చే మన వాళ్లకి ఇంకో చిక్కు ఉంది, ప్రిలిమినరీ సీట్లు. కేటగారికల్ సీటైతే అయిదేళ్ల శిక్షణ చేతిలో ఉన్నట్టే. ప్రిలిమినరీ అంటే ఒక్క ఏడాది, ఆ తర్వాత ఏమిటో తెలియదు. పని మాత్రం ఇద్దరిదీ ఒకటే. ఆ ఏడాదంతా రాత్రి డ్యూటీలు చేస్తూనే వచ్చే ఏడాది సీటు కోసం ఇంటర్వ్యూలకి తిరగాలి. అక్కడ దొరక్క ఇంటర్నల్ మెడిసిన్‌కి మారినవాళ్లు నాకు బాగా తెలుసు. వాళ్లని సర్జరీ వదిలేశారు అనలేం, సర్జరీయే వాళ్లకి చోటివ్వలేదు.

లీడ్స్_లో_మనోడు
ఇంగ్లండ్‌లో 2009 నుంచి సగటున వారానికి 48 గంటలే. మీలో చాలామంది కల అదే కదా. ఇక్కడా వదిలేస్తారు. కోర్ సర్జికల్ ట్రైనింగ్ రెండేళ్లు అయ్యాక ఎస్టీ3 అనే పై శిక్షణ మెట్టు ఉంది, దానికి విపరీతమైన పోటీ. అది దాటలేక జీపీ (ఫ్యామిలీ డాక్టర్) శిక్షణకి వెళ్లేవాళ్లు, ఆస్ట్రేలియా వెళ్లేవాళ్లు ఉన్నారు. గంటలు తగ్గాక ఓటీలో ఉండే సమయం కూడా తగ్గిందని ట్రైనీలే మొర పెట్టుకుంటారు. కాబట్టి రిటైర్డ్ సివిల్ సర్జన్ గారి మాటని పూర్తిగా కొట్టేయలేను. అయితే ఒకటి మాత్రం బాగుంది. ప్రతి ట్రైనీకి పేరు పెట్టి ఒక ఎడ్యుకేషనల్ సూపర్‌వైజర్ ఉంటారు. నెలల తరబడి కుట్టు వేయనివ్వకపోతే అది కాగితం మీదకి వస్తుంది, ఎవరో ఒకరు జవాబు చెప్పాలి.

స్వాతి_స్క్రబ్స్
బాబ్జీ గారు 25, 15 అన్నారు. మన దగ్గర ఎవరైనా అలా లెక్క తీస్తే తేడా ఇంకా ఎక్కువ ఉంటుందని నా అనుమానం. నేను సెకండ్ ఇయర్. చేరిన రోజే "పెళ్లి ఎప్పుడు, పిల్లలు ఎప్పుడు" అని అడిగారు. నాతో చేరిన అబ్బాయిని ఎవరూ అడగలేదు. మా ఫ్లోర్‌లో డ్యూటీ రూమ్ ఒక్కటే, గడియ సరిగ్గా పడదు. సీనియర్ అబ్బాయిలు పడుకుంటే నేను కుర్చీలోనే. 2024 ఆగస్టులో కలకత్తా ఆర్జీ కర్ ఆసుపత్రిలో పీజీ డాక్టరమ్మాయిపై అత్యాచారం, హత్య జరిగాక మా నాన్న వారం రోజులు ఊరు నుంచి వచ్చి ఆసుపత్రి బయట లాడ్జిలో ఉన్నారు. ఆ అమ్మాయి రాత్రి డ్యూటీలో సెమినార్ హాల్లో కాసేపు నడుం వాల్చింది, అంతే కదా. ఆ తర్వాత మాకు కెమెరాలు వచ్చాయి, గడియ ఇంకా రాలేదు.

నేను వదల్లేదు, వదలను. కానీ వదిలేసిన అమ్మాయి ప్రతి ఒక్కరి గురించీ "పెళ్లయింది కాబట్టి మానేసింది" అని తేల్చేస్తారు చూడండి, అది చాలా బాధగా ఉంటుంది.

పెదవాల్తేరు_పిల్ల
@స్వాతి_స్క్రబ్స్ గడియ కోసం రెసిడెంట్ల సంఘం తరఫున సూపరింటెండెంట్‌కి రాతపూర్వకంగా ఇవ్వు, ఇన్‌వర్డ్ నంబర్ వేయించుకో. నోటిమాటకి ఏదీ కదలదు. మా దగ్గర అలాగే వేరే రూమ్ వచ్చింది.

గ్యాస్ట్రో_గురవయ్య
అవతలి వైపు కూడా వినండి. నేను అసిస్టెంట్ ప్రొఫెసర్‌ని. పీజీలకి కేసులు ఇవ్వట్లేదంటున్నారు. ఓటీ టేబుల్ తొమ్మిదింటికి దొరుకుతుంది, మధ్యాహ్నం రెండు దాటితే కొత్త కేసు తీసుకోలేం అంటారు. లిస్టులో నాలుగు కేసులు. నేను హెర్నియా చేస్తే ముప్పావుగంట, ఫస్ట్ ఇయర్ చేత చేయిస్తే దానికి రెట్టింపు పైనే. నాలుగో పేషెంట్ పొద్దుటి నుంచి ఏమీ తినకుండా పడుకుని ఉంటాడు, అతన్ని క్యాన్సిల్ చేసి మళ్లీ వారం ఆగమనాలి. ఎవరికి న్యాయం చేయాలి?

ఇంకో సంగతి, సీట్లు. 2014కి ముందు దేశంలో పీజీ సీట్లు 31 వేల చిల్లర, 2024 నాటికి 70 వేలు దాటాయి. సంతోషమే. కానీ మా వార్డులో మంచాలు, టేబుళ్లు, నేర్పేవాళ్లు అంతగా పెరగలేదు. ఒకప్పుడు ఒక పీజీ చేసే అపెండిక్స్ చుట్టూ ఇప్పుడు ముగ్గురు నిలబడుతున్నారు. సాయంత్రం టేబుల్ నడిపించండి, స్టాఫ్ నర్సుని, టెక్నీషియన్‌ని ఇవ్వండి, కూర్చుని నేర్పడానికి నేను సిద్ధం.

మత్తు_మేడమ్
గురవయ్య సార్, టేబుల్ టైమ్ సంగతి నాకు తెలుసు, రెండింటికి గడియారం చూపించేది మేమే. అయినా చివరి స్కిన్ కుట్లు అయిదు నిమిషాల పని. అది ఇవ్వడానికి సీట్లు, మంచాలు అడ్డు కాదు.

గ్యాస్ట్రో_గురవయ్య
ఒప్పుకుంటాను మేడమ్. అది ఇవ్వాలి.

థర్డ్_ఇయర్_తారక్
మా లాగ్‌బుక్‌లో ప్రతి కేసుకీ నాలుగు గళ్లు ఉంటాయి. చూశావా, అసిస్ట్ చేశావా, సీనియర్ పక్కనుండగా చేశావా, సొంతంగా చేశావా. మొదటి ఏడాది నాకు మొదటి రెండే నిండాయి. మిగతావి నిండింది డిస్ట్రిక్ట్ రెసిడెన్సీలో. మూడు నెలలు జిల్లా ఆసుపత్రికి పంపిస్తారు కదా, దాన్ని చాలామంది శిక్షలా చూస్తారు. అక్కడ సర్జన్ గారు ఒక్కరే, ఆయనకి చెయ్యి కావాలి. హైడ్రోసీల్, హెర్నియా, అపెండిక్స్ ఆయన ఎదురుగా నిలబడి చేయించారు. వదిలేద్దామనుకున్న ఆలోచన అక్కడే పోయింది. ఫస్ట్ ఇయర్‌లోనే అలా ఒక నెల పంపిస్తే ఎంత బాగుండేదో.

హన్మకొండ_అడ్వకేట్
@గోదావరి_గట్టు ఏ నిర్ణయమైనా తీసుకునే ముందు బాండ్ కాగితం చూడండి. రెండు వేర్వేరు. ఒకటి సీటు మధ్యలో వదిలితే కట్టాల్సింది, రెండోది కోర్సు అయ్యాక ప్రభుత్వ సర్వీసు చేస్తానన్నది. మీకు మొదటిది ముఖ్యం. రాష్ట్రాన్ని బట్టి, కోటాని బట్టి, ఏ తేదీలోపు వదిలారన్న దాన్ని బట్టి మొత్తం మారుతుంది, లక్షల్లో ఉంటుంది. కొన్నిచోట్ల అందుకున్న స్టైపెండ్ కూడా వెనక్కి అడుగుతారు. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీ దగ్గరే ఉంటాయి, డబ్బు కట్టేదాకా ఇవ్వరు. తర్వాతి కౌన్సెలింగ్‌లకి డిబార్ (అనర్హుణ్ణి చేసే) నిబంధన ఉందేమో కూడా చూడాలి. 2024 జనవరిలో నేషనల్ మెడికల్ కమిషన్ రాష్ట్రాలకి లేఖ రాసింది, సీటు వదిలే బాండ్ ఎత్తేయండి, కావాలంటే ఒక ఏడాది డిబార్ చేయండి అని. అది విజ్ఞప్తి మాత్రమే, మీ రాష్ట్రంలో ఇప్పుడు అమల్లో ఉన్న జీవో చూసుకోవాలి. వాడిచేత తొందరపడి రాజీనామా లేఖ మాత్రం రాయించకండి.

నాన్న_ఆఫ్_పీజీ
అసలు సీటు వదిలేలా మాట్లాడకండి. ఇలాంటి కష్టం మూడేళ్లు, తర్వాత జీవితాంతం గౌరవం. మా వాడికీ మొదట్లో ఇలాగే ఉండేది, సర్దుకున్నాడు.

స్వాతి_స్క్రబ్స్
అంకుల్, మూడేళ్లు కాదు. ఇప్పుడు ఎంఎస్ ఒక్కదానితో ఆగేవాళ్లు తక్కువ. నీట్ ఎస్ఎస్ రాసి ఎంసీహెచ్ (సూపర్ స్పెషాలిటీ కోర్సు) ఇంకో మూడేళ్లు. మీ అబ్బాయి సర్దుకున్నాడు, సంతోషం. సర్దుకోలేనివాడికి ఆ మాట బరువుగా తగులుతుంది.

గోదావరి_గట్టు
మత్తు మేడమ్ చెప్పినట్టే అడిగాను. రాత్రి చాలాసేపు మాట్లాడాడు. ఆపరేషన్లో చివరి కుట్టు కూడా ఒక్కసారీ వేయనివ్వలేదట. ఒక సీనియర్ పీజీ తన థీసిస్ డేటా అంతా వీడిచేత ఎక్కిస్తున్నాడట. వారం సెలవు ఒక్కసారి కూడా రాలేదు. నిద్ర పట్టడం లేదని, అంతా ఆగిపోతే బాగుండు అనిపిస్తోందని అన్నాడు. ఆ మాట విన్నాక నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. నాన్నకి ఇంకా చెప్పలేదు.

మత్తు_మేడమ్
ఆ మాటని తేలిగ్గా తీసుకోకండి. రేపు పొద్దున్నే బయల్దేరి వెళ్లండి, ఫోన్లో కాదు. వాణ్ణి ఈ రాత్రి రూమ్‌లో ఒంటరిగా ఉంచొద్దని ఒక స్నేహితుడికి చెప్పండి. సైకియాట్రీ డిపార్ట్‌మెంట్ అదే కాలేజీలో ఉంటుంది, అక్కడ ఇబ్బందైతే బయట చూపించండి. టెలీ మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) 14416 కి ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. ముందు మెడికల్ లీవ్. సీటు, బాండ్ ఆ తర్వాత.

గ్యాస్ట్రో_గురవయ్య
మేడమ్ చెప్పింది అక్షరాలా చేయండి. హెచ్‌ఓడీని (డిపార్ట్‌మెంట్ హెడ్‌ని) కలిసినప్పుడు ఒకటే అడగండి, యూనిట్ మార్పు. రాతపూర్వకంగా. సైకియాట్రీ వాళ్ల కాగితం జత చేస్తే కాదనడం కష్టం. థీసిస్ డేటా సంగతి కూడా రాయండి, ఆ సీనియర్ పేరుతో సహా. కాలేజీ పేరు ఇక్కడ వద్దు, నాకు మెసేజ్ చేయండి, అక్కడ నాకు తెలిసినవాళ్లు ఉంటే నేనే మాట్లాడతాను.

థర్డ్_ఇయర్_తారక్
నేనూ మెసేజ్ పెట్టాను అన్నా. దగ్గరలోనే అయితే వచ్చి కలుస్తా.

గోదావరి_గట్టు
బస్సులో ఉన్నాను. వాడి రూమ్మేట్ వాడితోనే ఉన్నాడు. అందరికీ దండం.

కౌన్సెలింగ్_కన్ఫ్యూజన్
ఈ సమయంలో అడగడం బాగోదేమో, కానీ నాకు రేపే వెబ్ ఆప్షన్లు పెట్టాలి. సర్జరీయే కావాలి. ఇదంతా చదివాక భయం వేస్తోంది. కాలేజీ ఎలా ఎంచుకోవాలి?

కేజీహెచ్_దారిలో
అడగాల్సిన సమయం ఇదే. ప్రొఫెసర్లని అడగొద్దు, వెబ్‌సైట్ చూడొద్దు. ఆ కాలేజీ సెకండ్ ఇయర్ పీజీలకి ఫోన్ చెయ్యి. మూడు విషయాలు అడుగు. మీ లాగ్‌బుక్‌లో సొంతంగా చేసిన కేసులు ఎన్ని, గత వారం సెలవు దొరికిందా, మీ ముందు బ్యాచ్‌లో ఎవరైనా వెళ్లిపోయారా, వెళ్తే ఏ యూనిట్ నుంచి.

స్వాతి_స్క్రబ్స్
అమ్మాయివైతే నాలుగోది కూడా అడుగు, డ్యూటీ రూమ్ వేరుగా ఉందా, గడియ పడుతుందా అని.